లోడ్ తీస్తే విషం

ఆకాష్‌ను చంపిన గాలికి వాసన లేదు. గచ్చిబౌలి ల్యాబ్‌లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ముఖం మాత్రం అప్పుడే వేణ్ణీళ్ల స్నానం చేసినట్టు ఎర్రగా ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడే అతని భార్య, ఏజెంట్ ప్రవీణ, డ్యూటీలో చేరింది. ఆమెకు ఏడుపు రావడం లేదు. ఆకలీ వేయడం లేదు.

రాయదుర్గం మెట్రో పక్క టవర్‌లో చీఫ్ పార్థసారథి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మీవారి ఫ్యూయల్ సెల్ బొగ్గును మండించదు. కరిగిన కార్బొనేట్ ఉప్పులో బొగ్గుపొడి వేసి, ఏడొందల డిగ్రీలు దాటించి, నేరుగా కరెంటు తీస్తుంది. అంతేగా అమ్మా?"

"అంతేనండి. కరెంటు వాడినంతసేపూ బయటికొచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. వాడకం ఆపితే, అంటే లోడ్ తీసేస్తే, అదే గాలి వేడి బొగ్గును తిని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. తలుపులు మూసి కుంపటి పెట్టుకున్నట్టే."

"అది బయటికి పోయే గొట్టాన్ని ల్యాబ్‌లో విదేశీ ముఠా మూసింది. రేపు కోకాపేటలో, ఈ సెల్ కరెంటుతోనే నడిచే కంపెనీ హాల్లో, ప్రారంభోత్సవం. అక్కడా జనం చస్తే నింద ఆకాష్ మెషిన్ మీద పడుతుంది. ఇక దాన్ని ఎవడూ ముట్టడు. వాళ్లకు కావలసిందీ అదే."

"లోపల మనవాళ్లు?"

"యాంకర్ బాలాత్రిపురసుందరి. ముఠాలో మన డబుల్ ఏజెంట్. కోడ్‌వర్డ్, 'బొగ్గు చల్లారిందా?'"

విషవాయువు తగిలితే అదిరే నల్ల గాజు ఒకటి ఇచ్చాడు. బోసి చేతికి అది వదులుగా ఉంది. మారువేషం అక్కర్లేకపోయింది. మొగుడు పోయిన మనిషిని ఎవరూ తేరిపార చూడరు.

కోకాపేట హాల్లో పట్టుచీర, వజ్రాల దిద్దులతో బాల మెరిసిపోతోంది.

"బొగ్గు చల్లారిందా?"

"నిప్పు లోపలే ఉంది. ఫికర్ చెయ్యకు అక్కా," అని బాల మైకు అందుకుంది. "జ్యోతి వెలిగించడానికి ఆకాష్ గారి సతీమణిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం!"

ప్రవీణ మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, కంపెనీ యజమాని తల్లి రాజరాజేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమనుకోకమ్మా. శుభమా అని దీపం పెట్టుకుంటున్నాం. నువ్వు వెనక నిలబడు తల్లీ."

ప్రవీణకు ఏమీ అనిపించలేదు. వెనక్కి నడిచింది. అక్కడ అద్దాల తలుపు వెనక సెల్ కంట్రోల్ గది ఉంది.

దీపం బాగా కనబడాలని లైట్లన్నీ ఆర్పేశారు. ఆమె చేతికి గాజు అదిరింది. తలుపు తోసింది. ప్యానెల్ మీద మెయిన్ లివర్ కిందికి దించేసి ఉంది, లోడ్ సున్నా. బయటికి పోవలసిన గొట్టం వాల్వ్ హాలు వైపు తిప్పి ఉంది. దాని పిడి విరిచేశారు.

చీకట్లో వేదిక దిగి వచ్చిన బాల ఎదురుగా నిలబడింది. ముఖానికి మాస్కు. చేతిలో పిస్టల్.

"నువ్వు దీపం దగ్గర ఉండాలి కదే!"

"రానివ్వలేదు."

"సరే. ఆకాష్‌కి నొప్పి తెలీలేదు. నీకూ తెలీదులే."

"నాకిప్పుడూ తెలీడం లేదు," అంటూ ప్రవీణ పిస్టల్ మీదుగానే చెయ్యి చాపి మెయిన్ లివర్‌ను పైకి నెట్టింది.

లైట్లు, లిఫ్టులు, వంటగది ఓవెన్లు ఒక్కసారిగా కరెంటు లాగాయి. లోడ్ ముల్లు లేచింది. గాజు అదురు నెమ్మదించింది. వెలుగులో జనమంతా వెనక్కి తిరిగి చూస్తే, అద్దాల అవతల మాస్కు పెట్టుకున్న యాంకర్, ఆమె చేతిలో పిస్టల్. జనంలో కలిసి ఉన్న పార్థసారథి మనుషులు కొందరు తలుపులు బార్లా తీశారు, కొందరు బాల మీదికి ఉరికారు.

బయట ఎవరో దగ్గుతున్నారు. అందరూ బతికే ఉన్నారు.

"ప్యానెల్ దగ్గరికి వెళ్లమని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు పార్థసారథి.

"రాజరాజేశ్వరి గారండి." ప్రవీణ గాజు తీసి అతని చేతిలో పెట్టింది. "మెడల్ ఏదైనా ఉంటే ఆవిడకివ్వండి. నేను వేదిక ఎక్కకూడదట."