ఇంటి ముందు ఆగిన బ్యాండు

పొద్దున్నే భార్య విశ్వాసమ్మ ఇచ్చిన కాఫీ గాబ్రియేలు నోట్లోకి సగం పోయింది, సగం చొక్కా మీదికి కారింది. కారిందని ఆయనకు తెలియనే లేదు. నిరుడు వచ్చిన పక్షవాతం కాలూ చెయ్యీ వదిలిపెట్టి, ముఖంలో ఎడమ సగాన్ని పట్టుకుపోయింది. దానికి కూడా ఎక్కడ కొట్టాలో తెలుసు కాబోలు! బూర ఊది బతికినవాడికి మూతి మొద్దుబారితే ఇంక మిగిలేదేముంది?

జమ్మలమడుగు చుట్టుపక్కల గాబ్రియేలు బ్యాండు లేకుండా పెళ్ళి ఊరేగింపు కదిలేది కాదు. వయసులో ఉండగా ఆయన కొన్నాళ్ళు డోన్‌లో పనిచేశాడు. అక్కడ ఒక రైల్వే గార్డు దగ్గర అమెరికా నల్లజాతి వాళ్ళ పాటల క్యాసెట్లుండేవి. మొదటి దెబ్బ మీద బరువంతా వేసి, మిగతా తాళాన్ని వదులుగా తిప్పే ఆ వాయింపు ఆయనకు పిచ్చిలా పట్టుకుంది. తెచ్చి పెళ్ళి మేళంలో కలిపేశాడు. ఇంకేముంది, కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్ళు కూడా కర్ర పక్కన పడేసి ఎగిరేవాళ్ళు. దాన్ని ఫంక్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత కూతురు ఆరాధన చెప్పింది. "ఏమంటే ఏంలే పాపా, కాళ్ళు ఆగగూడదు, అంతే" అన్నాడాయన. ఇప్పుడా మనిషి ఏడీ?

ఇప్పుడు బ్యాండును ఆరాధనే నడుపుతోంది. ఆ సాయంత్రం గండికోట ఉత్సవంలో వాళ్ళ కచేరి. ఊరేగింపు కాదు, స్టేజీ మీద. బ్యాండు పుట్టాక ఇదే మొదటిసారి. గాబ్రియేలు మాత్రం కొన్నాళ్ళుగా కూతురితో పలకడం మానేశాడు. "ఈ కచేరి అయినాక నా పేరుతో బ్యాండు ఉండగూడదు" అని డ్రమ్ము వాయించే ఏసేపుతో కబురు చేశాడు. ఎందుకో చెప్పలేదు.

మధ్యాహ్నం వ్యాను వచ్చి వాకిట్లో ఆగింది. ఎర్రకోటు వేసుకున్న ఆరాధన లోపలికి వచ్చింది.

"పోయొస్తాం నాయనా. నువ్వూ రా."

గాబ్రియేలు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. విశ్వాసమ్మకు తిక్క రేగింది.

"కన్నబిడ్డ నిలబడి అడుగుతాంటే గోడతో ఏం పనయ్యా నీకు? పేరు తీసేయమంటివి. ఎందుకో చెప్పు, లేదంటే దీవించి పంపు!"

"సచ్చినోడి పేరు మీకెందుకు?" అన్నాడు. మాట సగం నోటితో వంకరగా వచ్చింది.

"అవేం మాటలు నాయనా!"

"మొన్న మన వీధిలో పెండ్లి ఊరేగింపు పోయిందే, ఎవురు వాయించినారు?"

"మేమే."

"నా వాకిలి ముందరికొచ్చినాక ఏం చేసినారు?"

ఆరాధనకు అప్పుడు తట్టింది. బ్యాండువాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత గొప్పింటి పెళ్ళయినా, దారిలో చావు జరిగిన ఇల్లు వస్తే వాయించడం ఆపి, తలలు వంచుకుని దాటాలి. దాటాకే మళ్ళీ ఎత్తుకోవాలి. అది ఆమెకు నేర్పిందీ గాబ్రియేలే.

"బూరలు దింపి, తలకాయలు వంచుకోని దాటినారు. కిటికీలోంచి చూస్తానే ఉండా. సావింటికి చేసే మర్యాద పాపా అది! బతికుండంగానే నాకు చేసిపోతిరి. ఎవురు చెప్పినారు ఆపమని?"

"నేనే చెప్పినా." అంది ఆరాధన. "బూర ఇనపడితే నీకు కష్టంగా ఉంటాదని, తట్టుకోలేవని ఆపిచ్చినా. సావింటి మాట నాకు తోచనే లేదు నాయనా. దేవుని తోడు!"

అక్కడే కూలబడి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. గాబ్రియేలు ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు. కోపం రాలేదు, జాలీ రాలేదు.

"ఏడవగాకు. నాకైతే ఆ పొద్దు ఏడుపు గూడా రాలేదు. లోపల గూడా మొద్దుబారినట్టుండాది" అన్నాడు.

"ఏడుపొచ్చినా రాకున్నా సరే, వచ్చి కూర్చో. బిడ్డ ముందర కూర్చోనీకి ఏం రోగం?" అంది విశ్వాసమ్మ, ఉతికిన చొక్కా చేతిలో పెడుతూ. కాదనే ఓపిక లేక ఆయన వ్యాను ఎక్కాడు.

గండికోటలో ఎండ తగ్గి, పెన్న లోయ మీంచి గాలి మొదలైంది. గాబ్రియేలు ముందు వరసలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ బ్యాండుకు ముందు నడిచాడే గానీ, ఎదురుగా కూర్చుని విన్నది లేదు. ఏసేపు మొదటి దెబ్బ వేశాడు. బేస్ గిటారు దాని కిందినుంచి బరువుగా లేచింది. వెనక ఈలలు, కేకలు. జనం కుర్చీలు జరిపేసి ఎగురుతున్నారు. ఆయన ఏమీ అనిపించక చూస్తున్నాడు.

ఆరాధన బూర ఎత్తుకుంది. ఆయన కట్టిన వరస. చివరి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ లాగాలి. ఆమె సగంలో తెంపేసింది.

గాబ్రియేలుకు ఒళ్ళు మండింది. పక్షవాతం వచ్చాక ఆయనకు ఏదైనా అనిపించడం అదే మొదలు. దిగ్గున లేచి నిలబడ్డాడు.

"అట్ల తెంపితే ఎట్లమ్మే! లాగు! ఇంకా లాగు! ఊపిరి యాడ దాచిపెడుతాండావు?"

జనమంతా ఆయన వైపు తిరిగారు. మూతి వంకరపోయి ఎంగిలి కారుతున్నా ఆయన ఆపలేదు. స్టేజీ మీద ఏసేపు పకపకా నవ్వాడు. "అన్న తిట్టినాడురోయ్! మళ్ళా మొదటినుంచి!"

ఆరాధన కళ్ళు తుడుచుకుని బూర ఎత్తింది. ఈసారి లాగింది. లోయ అవతలి గట్టుదాకా లాగింది.

"ఆ! అదీ!" అన్నాడు గాబ్రియేలు. "పేరు తీయగాకండ్రా! ఇది నా బ్యాండే!"

కుడి చెంప మీద తడి ఆయనకు తెలిసింది. ఎడమ చెంప మీద తెలియలేదు. అటువైపు కన్నీళ్ళను విశ్వాసమ్మ కొంగుతో తుడుస్తోంది.