చదివినవాళ్ళు, పడినవాళ్ళు

ఎదురింటి పిన్నిగారు రొట్టెల షాపావిడతో అన్నదట. రొట్టెల షాపావిడ లాండ్రీ అతనితో అన్నదట. లాండ్రీ అతను కడుపులో మాట దాచుకునే రకం కాదు కనక, చొక్కాలు పొట్లం కడుతూ మోటార్ వైండింగ్ కుర్రాడి మొహం మీదే అనేశాడు.

"పెద్దాడిది చిన్నాడికి కూడా అంటుకుందట కదా! వారం వారం లైబ్రరీ మేడ మీద పిచ్చి బడికి పోతున్నావటగా?"

"అంటుకోవడానికి అదేమన్నా జలుబా?" అన్నాడు కుర్రాడు.

అనైతే అన్నాడు గానీ, ఇంటికొస్తూ ఎదురింటి కిటికీ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో కరెంటుంటే పిన్నిగారింట్లో ఫ్యూజులన్నీ ఎగిరిపోయేవి.

పిన్నిగారు చెప్పినదాంట్లో సగం నిజమే. ఆ ఇంట్లో పెద్దకొడుకు సైన్‌బోర్డులు రాసేవాడు. స్కేలు పెట్టకుండా గీత గీస్తే దారం లాగినట్టుండేది. అలాంటివాడు ఒకరోజు నిచ్చెన దిగి, సగం రాసిన బోర్డు గాలికి వదిలేసి, ఇంటికొచ్చి తలుపేసుకున్నాడు. తర్వాత ఆస్పత్రి, మందులు, మళ్ళీ ఇల్లు. ఇప్పుడు నయమే గానీ గది దాటి రాడు. ఇలాంటి ఇళ్ళవాళ్ళు కూడా నేర్చుకోవలసినవి ఉంటాయని ఆస్పత్రివాళ్ళు ఈ క్లాసు సంగతి చెప్పారు. తల్లి మోకాళ్ళ నొప్పులంది. అక్క మా ఆయన ఊరుకోడంది. మిగిలింది తమ్ముడు. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుట్టడం అతని పని. చేతికి గ్రీజు, నోటికి తొందర ఎక్కువ.

మొదటి రోజే గొడవ పడ్డాడు.

మేడమీద గదిలో ఒకమ్మాయి కుర్చీలు గుండ్రంగా సర్దుతోంది. ఇతను వెళ్ళీ వెళ్ళగానే ఒక కుర్చీ లాక్కుని గోడవారకి తీసుకుపోయాడు.

"అయ్యా, ఆ కుర్చీ అక్కడే ఉండాలి."

"నేను వెనక బెంచీ మనిషినండీ. చిన్నప్పట్నుంచీ అంతే."

"గుండ్రంగా వేసిన కుర్చీల్లో వెనకెక్కడుందో చూపించండి. నేను కూడా వచ్చి అక్కడే కూర్చుంటా."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. కుర్రాడికి చెవులు వేడెక్కాయి. "ఒక్క మాట చెప్పేస్తానండీ, నేను పేషంటుని కాను. మా అన్నయ్య కోసం..."

"ఆగండాగండి!" అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "ఎవరెందుకొచ్చారో ఇక్కడ చెప్పక్కర్లేదు, అడగనూ కూడదు. క్లాసు మొదలవకుండానే ఒక రూలు విరగ్గొట్టారు. చప్పట్లు కొట్టండమ్మా అందరూ!"

ఇంకో రూలు కూడా ఉంది. అసలు విచిత్రం అదే. ఆ క్లాసుకి టీచర్లు ఇద్దరు, అందులో ఈ అమ్మాయి ఒకరు. ఒకరు చదివి తెలుసుకున్నవాళ్ళు, ఇంకొకరు జబ్బు పడి తెలుసుకున్నవాళ్ళు. ఎవరు ఏ రకమో చివరి రోజు దాకా చెప్పరు.

"ముందే చెబితే ఒకరి మాట వింటారు, రెండోవాళ్ళ మీద జాలి పడతారు. రెండూ వినాలంటే ఇదే దారి," అంది అమ్మాయి.

కుర్రాడికి ఇందులో కనిపెట్టడానికేమీ కనిపించలేదు. రెండో టీచరు ఒక ముసలాయన. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటాడు. టీ కప్పు పట్టుకుంటే కింద సాసరు గలగలలాడుతుంది. ఈ అమ్మాయి చూస్తే చేతిలో మార్కరు, నోట్లో మాట, రెండూ తడబడవు.

"తెలిసిపోతూనే ఉంది కదా," అన్నాడు పక్క కుర్చీలోని బస్సు డ్రైవరు చెవిలో.

"పాపం, పెద్దాయన," అన్నాడు డ్రైవరు నాలుక చప్పరించి.

నిద్ర పట్టకపోతే మంచంతో కుస్తీ పట్టకుండా లేచి కూర్చోవడం, పెద్ద పని కనిపించినప్పుడు అందులోంచి చిన్న ముక్క తుంచుకోవడం, ఇలాంటివే ఆ క్లాసులో పాఠాలు. ఒకరోజు, జబ్బు మళ్ళీ వచ్చే ముందు ఏయే గుర్తులు కనిపిస్తాయో అడిగింది అమ్మాయి.

"మోటారు కాలిపోయే ముందు వాసనొస్తుందండీ," అన్నాడు కుర్రాడు. "అది పట్టుకుని స్విచ్చి కట్టేస్తే మోటారు బతుకుతుంది. ముక్కు మూసుకుని కూర్చుంటే నా దగ్గరకొస్తుంది."

అమ్మాయి నవ్వబోయి ఆగింది. అతని వైపు కొంచెంసేపు అలాగే చూసింది. మార్కరు తెచ్చి చేతిలో పెట్టింది.

"బోర్డు మీద మీరే రాయండి, వైండింగ్ గారూ."

పేరు అలా పడింది. కుర్రాడు రాసిన అక్షరాలు వంకరగా వచ్చాయి. దానికి గ్రీజు కారణం కాదు.

నేర్చుకున్నదల్లా ఇంటికి మోసుకెళ్ళి అన్న మీద ప్రయోగించేవాడు.

"నన్ను నీ హోంవర్కు చేశావేంట్రా?" అనేవాడు అన్న.

"మార్కులు మంచిగా రావాలన్నయ్యా, లే. వీధి చివరిదాకా నడిచొద్దాం."

"ఎవరికోసంరా ఈ మార్కులు?"

"నీకోసమే."

"నీ మొహం చూస్తే అలా లేదు."

అలా అన్నా, నడిచాడు. మొదట గడప దాకా, తర్వాత గేటు దాకా, తర్వాత వీధి చివరి దాకా. ఒక సాయంత్రం పిలవకుండానే హాల్లోకొచ్చి అందరితో కలిసి భోంచేశాడు. తల్లి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

"ఎవర్రా నీకివన్నీ చెబుతున్నది?"

"మా టీచరమ్మా. డాక్టరు లాంటిదేలే."

"వయసెంత? పెళ్ళయిందా?"

కుర్రాడు మంచినీళ్ళ కోసం వెతుక్కున్నాడు. అక్క పకపకా నవ్వింది.

"అమ్మా, వీడి చెవులు చూడు, ఎలా ఎర్రబడ్డాయో!"

తల్లికి ఆ రాత్రి కొడుకు ప్రేమ కన్నా పెద్ద కల వచ్చింది. "చదువుకున్నది, ఓపికున్నది, ఇలాంటివాళ్ళని చూసుకోవడం వచ్చినది. ఆ పిల్ల మనింటికొస్తే పెద్దాడి బెంగ నాకుండదు," అంది మర్నాడు. "ఇంట్లోనే డాక్టరున్నట్టు," అంది అక్క. తల్లి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే, దేనికొప్పుకుందో అడిగి తెలుసుకోవాలి. కుర్రాడికి ఆ ఆలోచనే రాలేదు. ఈల వేసుకుంటూ పనికి పోయాడు.

చివరి క్లాసుకి ముందు వారం వాన పట్టుకుంది. లైబ్రరీ చూరు కింద కుర్రాడూ, అమ్మాయీ ఇద్దరే మిగిలారు. చూరేమో ఒకరికే సరిపోతుంది. అందుకని ఇద్దరూ చెరో భుజం తడుపుకుంటున్నారు.

"చివరి రోజు ఇంట్లోవాళ్ళని కూడా తేవచ్చట కదండీ. మా అమ్మని తీసుకొస్తా."

"తీసుకురండి."

"ఆ ఆదివారం మీరు మా ఇంటికి టీకి రావాలి."

"టీకేనా?"

"టీతో మొదలు."

ఆమె వాన వైపు తిరిగింది. "ముందు క్లాసు అవనివ్వండి, వైండింగ్ గారూ."

"దీనికీ దానికీ సంబంధమేంటండీ?"

"నా గురించి మీరేమనుకుంటున్నారు?"

"చెప్పమంటారా?"

"వద్దొద్దు!" ఉలిక్కిపడ్డట్టుగా అంది. "చివరి రోజు చెబుదురు గాని."

చూరు కింద దోసిలి పట్టి, నిండిన నీళ్ళు అతని మొహం మీద చల్లి, వానలోనే పరిగెత్తి వెళ్ళిపోయింది. జవాబు అదేననుకున్నాడు కుర్రాడు. తడిసిన మొహం ఇంటిదాకా తుడుచుకోలేదు.

చివరి రోజు తల్లి మంచి బట్టలు కట్టుకుని, మోకాళ్ళు మర్చిపోయి, మెట్లెక్కింది. గుండ్రటి వరసలో కూర్చుని అమ్మాయిని తలనుంచి కాళ్ళదాకా చూసుకుంది. "చక్కగా ఉందిరా," అంది కొడుకు మోచెయ్యి పొడిచి.

"ఇక చెప్పండి," అన్నాడు ముసలాయన. "మా ఇద్దర్లో పడి తెలుసుకున్నది నేననుకునేవాళ్ళు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. అందరికన్నా ముందు వైండింగ్ కుర్రాడిది.

ముసలాయన తృప్తిగా నవ్వాడు. "నేను ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఈ వణుకు మా నాన్న నుంచి వచ్చింది. గుండీలంటారా, మా ఆవిడ పోయాక చెప్పేవాళ్ళు లేరు."

గదిలో నవ్వులు లేచి, సగంలో ఆగిపోయాయి. అందరూ అమ్మాయి వైపు తిరిగారు.

"ఆస్పత్రిలో ఉన్నది నేను," అంది. "రెండుసార్లు. మొదటిసారి మావాళ్ళు బలవంతాన తీసుకెళ్ళారు. రెండోసారి గుర్తులు కనిపించగానే నేనే బ్యాగు సర్దుకుని వెళ్ళాను. దాన్నెలా చెప్పాలో నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు. కాలే వాసన అన్న మాట మన వైండింగ్ గారు ఇచ్చారు."

బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఇన్ని వారాలుగా నేను తప్పు మనిషి మీద జాలిపడ్డానమ్మా!"

"నా మీద పడలేదు కదా, బతికిపోయాను," అంది అమ్మాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి చేతులు మాత్రం ఒకదానికొకటి తగలకుండా గాల్లో ఉండిపోయాయి.

"లేరా. పోదాం."

తల్లిని కిందిదాకా దింపి, కుర్రాడు రెండేసి మెట్లు దూకుతూ మళ్ళీ పైకొచ్చాడు. అమ్మాయి ఒక్కతే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది.

"ముందే చెప్పుండొచ్చు కదండీ!"

"రూలు."

"నాక్కూడానా?"

ఆమె చేతిలోని కుర్చీ దించింది. "మీకే చెప్పాలనిపించింది. రూలు వెనక దాక్కున్నాను. ఆ రోజు వానలో చెప్పుంటే మీ మొహం ఒక్కటే చూడాల్సి వచ్చేది. ఇవాళ మీ అమ్మగారి మొహం కూడా చూశాను."

"నాకేం తేడా లేదు."

"నిజంగా?"

"నిజంగా. ఆదివారం మీరు రావాలి. రాకపోతే ఒట్టు."

అన్నప్పుడు అది అబద్ధం కాదు. ఖాళీ గదిలో ఒక్కమ్మాయి ముందు అనడానికి తేలికైన మాట, అంతే.

ఆదివారం అమ్మాయి వచ్చింది. రావద్దని చెప్పించడానికి తల్లికి మొహం చెల్లలేదు. అక్క కూడా వచ్చి కూర్చుంది. పెద్దాడి గది తలుపు ఓరగా వేసి ఉంది. టీలు వచ్చాయి.

"మందులింకా వాడుతున్నావా?" అడిగింది అక్క.

"వాడుతున్నానండీ. బీపీకి వాడినట్టే."

"మళ్ళీ రాదని డాక్టరు చెప్పాడా అమ్మా?" ఇది తల్లి.

"రాదని ఎవరూ చెప్పలేరండీ. వచ్చేముందు తెలుస్తుంది. తెలిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు."

తల్లి కప్పు కింద పెట్టింది. చెడ్డ మనిషి కాదావిడ. అలసిపోయిన మనిషి.

"నువ్వు మంచిదానివే తల్లీ, కాదనను. నువ్వొస్తే మా పెద్దాణ్ణి చూసుకుంటావనుకున్నా. ఇప్పుడు నిన్నెవరు చూస్తారు? నేనా? ఒక్కణ్ణి మొయ్యడానికే నా నడుం విరిగింది."

"నన్ను నేనే చూసుకుంటున్నానండీ. మీ పెద్దబ్బాయిగారూ చూసుకోగలరు. వీధి చివరిదాకా ఆయన కాళ్ళతోనే నడిచారు కదా." అక్కడితో ఆగి కుర్రాడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

కుర్రాడు తల్లిని చూశాడు. అక్కని చూశాడు. టీ మీద కట్టిన మీగడని చూశాడు. ఏ మోటారు కాలిందో వాసన చూసి చెప్పగలవాడికి, తన ఎదురుగా ఏం కాలిపోతోందో తెలియక కాదు.

"అమ్మకి కొంచెం టైమిద్దామండీ," అన్నాడు.

"అమ్మగారికా, మీకా?"

అతను చెంచాతో టీ మీది మీగడ పక్కకి తీశాడు. ఆమె కాసేపు ఎదురుచూసింది, పిలుపు వస్తుందేమోనని రైలు మెట్టు మీద నిలబడ్డ మనిషిలా. తర్వాత లేచి, తాగని టీ కప్పు ట్రేలో పెట్టి, చెప్పులేసుకుంది.

కుర్రాడు గుమ్మం దాకా వెళ్ళాడు. "మబ్బేసింది. బండి మీద దింపుతా."

"వద్దండీ. మీరక్కడే ఉండండి. మీకక్కడే బావుంది."

గేటు చప్పుడైంది. ఎదురింటి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

"పోనీలే, ముందే బయటపడింది," అంది అక్క కప్పులు ఎత్తుతూ. "పెళ్ళయ్యాక తెలిసుంటే? జన్మంతా నెత్తిన పెట్టుకోవాలి, అలాంటిదాన్ని."

"మెల్లగా అనవే," అంది తల్లి. అప్పటికే ఆలస్యమైంది.

పెద్దాడు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. తడిపి దువ్విన జుట్టు ఇంకా ఆరలేదు. వచ్చినావిడని పలకరిద్దామని తయారైనట్టున్నాడు.

తల్లి గబగబా లేచింది. "రా నాన్నా, టీ తాగుదువు గాని. ఆ అమ్మాయి వెళ్ళిపోయిందిలే. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"బాగున్న మనిషనుకున్నప్పుడు నన్ను చూసుకోవడానికి కావాల్సొచ్చింది," అన్నాడు పెద్దాడు. "నాకున్నదే ఆవిడకీ ఉందని తెలిసేసరికి గుమ్మం దాటించారు. మరి నన్నెప్పుడు దాటిస్తారు?"