మా అమ్మ ప్రతాపాలు

కుముదిని పొద్దున్నే అటుకులతో పోహా చేసి, ప్లేటు భర్త చేతికిచ్చి, తను మాత్రం వంటింటి బల్ల మీద పరిచిన ఊలు ఉండల ముందు కూలబడింది. ఈసారి కుందేలు అల్లుతోంది. అల్లడం దాదాపు అయిపోయింది గాని, ఒక చెవి నిటారుగా నిలబడితే రెండోది మెడ దాకా వేలాడుతోంది.

"మేక బాగా కుదిరింది," అన్నాడు యశ్వంతరావు, పోహా మీద నిమ్మచెక్క పిండుకుంటూ.

"కుందేలండీ."

"అలాగా. మరి ముందే చెప్పొద్దూ."

కుముదిని కూడా నవ్వేసింది. ఆ ఇంట్లో ఇలాంటి మాటలు మామూలే. కిందటేడాది అల్లిన టోపీ యశ్వంతరావు తలకి పట్టక, చివరికి దేవుడి దగ్గర కలశం మీది కొబ్బరికాయకి సరిపోయింది. తాళ్లు ముడివేసి కుండీకి ఉట్టి అల్లితే, వారం తిరక్కుండానే కుండీ జారి ఆయన బొటనవేలి మీద పడింది. రంగుకాగితాలు చుట్టి గులాబీలు చేస్తే, పక్కింటావిడ చూసి "క్యాబేజీలు అచ్చం అలాగే ఉన్నాయి" అని మెచ్చుకుని వెళ్లింది.

అయినా కుముదిని మానలేదు. తొమ్మిదేళ్లు మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసిన చేతులవి. సాంగ్లీలో ఉన్నా సంగమేశ్వరుడి గుడి దాకా కూడా తీరిగ్గా నడిచి ఎరగదు. ముసలావిడ పోయాక, తెల్లవారుజామునే లేచి గోరువెచ్చని నీళ్లు తీసుకుని ఆ గదిలోకి వెళ్లి, ఖాళీ మంచం చూసి వెనక్కి వచ్చిన రోజులు ఎన్నో. అప్పుడే మిరజ్ నుంచి కూతురు ఋతుజ ఒక సంచి నిండా ఊలు తెచ్చి ఒళ్లో పోసింది.

"ఇన్నాళ్లూ మామ్మ కోసం చేశావు. ఇక నీ కోసం ఏదైనా చెయ్యమ్మా. పాడైతే పాడవనీ, ఎవరు అడుగుతారు?"

ఆ మాట కుముదినికి మందులా పనిచేసింది. అప్పట్నించీ ప్రతి ఆదివారం ఋతుజ కొత్త సరంజామా ఏదో ఒకటి తెచ్చేది. మట్టి, పూసలు, మైనం, అచ్చులు. తల్లి చేస్తుంటే ఎదురుగా కూర్చుని ఫోనులో వీడియో తీసేది. "జ్ఞాపకానికి ఉంచుకుంటానమ్మా, రేపు నాకు పిల్లలు పుడితే చూపించొద్దూ" అనేది. తల్లి మురిసిపోయేది.

ఆ మంగళవారం కుందేలుకి కళ్లు అతికించాలని, కుముదిని గణపతి పేటలో పూసలూ దారాలూ అమ్మే దుకాణానికి వెళ్లింది. దుకాణం నడిపే శాలిని ఎప్పటిలా "రండి వదినా" అంది గాని, ఆవిడ మొహంలో దాచుకుంటున్న నవ్వేదో ఉంది. ఇంతలో అక్కడే దారం ఎంచుకుంటున్న కాలేజీ అమ్మాయి గబగబా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, మీరే కదూ? ఒక్క ఫొటో తీసుకుంటాను. మా హాస్టల్లో అందరం మీ అభిమానులం."

"నాతోనా? నన్ను ఎవరనుకుంటున్నావమ్మా?"

"'మా అమ్మ ప్రతాపాలు' ఆంటీ మీరే కదా? సబ్బు వీడియో అయితే మేం ఇరవైసార్లు చూసుంటాం. కడుపు చెక్కలయ్యేలా నవ్వాం."

కుముదినికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మాయి ఫోను తీసి చూపించింది. తెర మీద తన వంటిల్లు, తన బల్ల, తన ఆకుపచ్చ చీర. "మా అమ్మ ప్రతాపాలు" అని పైన పెద్ద అక్షరాలు. వెనకాల సర్కసు బాజా.

అది చైత్రమాసంలో చేసిన సబ్బు. పసుపు కుంకుమ పేరంటానికి వచ్చే ముత్తైదువలందరికీ స్వయంగా చేసిన సబ్బు ఇస్తానని, అప్పటికే వీధి వీధంతా చెప్పుకుంది. సబ్బు దిమ్మ కరగబెట్టి, పసుపు, వట్టివేళ్ల నూనె కలిపింది. తెర మీద కుముదిని అచ్చులు తేవడానికి లోపలికి వెళ్లింది. ఫోను ఋతుజ మొహం వైపు తిరిగింది. ఋతుజ పెదాల మీద వేలు పెట్టుకుని, కన్ను గీటి, గ్లాసు నిండా నీళ్లు తీసి గిన్నెలో పోసేసింది. తర్వాత కుముదిని తిరిగొచ్చి ఎంతో శ్రద్ధగా కలిపి అచ్చుల్లో పోయడం, మర్నాడు తీస్తే సబ్బు చీమిడిలా వేళ్ల సందుల్లోంచి జారిపోవడం. తన తెల్లబోయిన మొహం మీద ఆపి, దాని చుట్టూ నవ్వే బొమ్మలు అంటించారు.

"శాలినీ, నీకూ తెలుసా?"

శాలిని కళ్లు దించుకుంది. "మీకు తెలిసే చేస్తున్నారనుకున్నాను వదినా. నాటకమేమో అనుకున్నాం."

కుముదిని కుందేలు కళ్లు కొనలేదు. ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

యశ్వంతరావు వరండాలో పేపరు చదువుతున్నాడు. ఆవిడ చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఋతు నన్ను లోకమంతటికీ చూపిస్తోంది. మీకు తెలుసా?"

ఆయన పేపరు మడవడానికి చాలాసేపు తీసుకున్నాడు. అదే జవాబు.

"సరదాకే, కుముదా. నడకకి వెళ్లినప్పుడు మా వాళ్లు కూడా చూస్తారు. అందరికీ నువ్వంటే ఎంత ఇదో తెలుసా?"

"దేనికంత ఇది? పాడు చేస్తాననా?"

"నీకు చెబుదామనే అనుకున్నాం. చెబితే నువ్వు బిగుసుకుపోతావు, మామూలుగా ఉండలేవు అంది అమ్మాయి."

"నీళ్లు పోసింది చూశారా?"

ఆయన మడిచిన పేపరునే మళ్లీ మడిచాడు.

"పేరంటం రోజు బజారుకి పరిగెత్తి సబ్బులకి బదులు స్టీలు గిన్నెలు తెచ్చింది మీరే. ఆ మధ్యాహ్నం నేను దేవుడి గదిలో కూర్చుని ఏడుస్తూ, 'ఈ చేతులు మలం ఎత్తడానికి తప్ప ఎందుకూ పనికిరావు' అన్నాను. మీరు గుమ్మంలోనే నిలబడి విన్నారు. అప్పటికే మీకు తెలుసా?"

"అప్పటికి తెలియదు. ఆ తర్వాత చూశాను."

"చూసి?"

"తప్పే," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్న కుముదిని వంటింటి తలుపు లోపల గడియ పెట్టుకుంది. మిగిలిపోయిన సబ్బు దిమ్మ కరగబెట్టింది. అదే పసుపు, అదే నూనె, అవే అచ్చులు. ఎదురుగా ఎవరూ లేరు. మధ్యాహ్నానికల్లా అచ్చు బోర్లిస్తే సబ్బులు టకటకా బల్ల మీద పడ్డాయి. గట్టిగా, నున్నగా, ఒక్కటి కూడా అంచు విరగలేదు. వాటిని చూసేసరికి దుకాణంలో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. పాడైపోయిన రోజున కూడా ఆవిడ ఇంతగా ఏడవలేదు.

తండ్రి ఫోను చేసి పిలిస్తే ఋతుజ ఆ సాయంత్రమే పరిగెత్తుకొచ్చింది. మొహం కందిపోయి ఉంది. తల్లి బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

"అమ్మా, తప్పయిపోయింది. ఇప్పుడే, నీ ఎదురుగానే అందరికీ చెప్పేస్తాను. నా తప్పని వీడియో పెడతాను." అంటూ ఫోను పైకెత్తింది.

కుముదిని కూతుర్ని తేరిపార చూసింది. "క్షమాపణ కూడా వాళ్లకేనా?"

ఋతుజ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఆ ఫోను గూట్లో పెట్టి రా."

ఋతుజ పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. తల్లి ఒక సబ్బు తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇవాళ చేశాను. చూడు."

ఋతుజ చూసింది. పెదవి కొరుక్కుంది.

"నవ్వినందుకు కాదే. మీ నాన్న రోజూ నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. నా చేతకానితనం నాకు తెలుసు. కానీ ఆ రోజు నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరావు. 'పోనీలేమ్మా, వచ్చేసారి బాగా వస్తుంది' అన్నావు. నీళ్లు పోసింది ఆ చేతితోనేగా."

"అమ్మా..."

"అది నిజంగా నిమిరావా, లేక అది కూడా ఎక్కడో తీసి ఉంచావా? నిన్నట్నించీ అదే ఆలోచిస్తున్నాను. నా కన్నకూతురి చెయ్యి గురించి అలా ఆలోచించాల్సి వచ్చింది నాకు."

ఋతుజ నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కుముదిని లేవలేదు, దగ్గరికి తీసుకోలేదు. ఏడుపు కాస్త ఆగాక ఋతుజే చెప్పుకొచ్చింది. బొమ్మలు గీసే ఉద్యోగం ఇంటి నుంచే. భర్త పొద్దున్న వెళితే దీపాలు పెట్టాక గాని రాడు. ఈలోగా మాట్లాడే మనిషి ఉండడు. మొదట్లో అమ్మ చేసిన మంచివే పెట్టింది, మొదటి శాలువా, మట్టి ప్రమిదలు. ఎవరూ చూడలేదు. టోపీ కొబ్బరికాయకి తొడిగినది పెట్టాక జనం విరగబడి చూశారు. పొద్దున్న లేవగానే ఎవరెవరో పలకరించేవాళ్లు, మీ అమ్మ ఎలా ఉంది, ఈ వారం ఏం పాడు చేసింది అని. నువ్వు బాగా చేసిన వారం ఎవరూ పలకరించేవాళ్లు కాదమ్మా అంది.

"అందుకని పాడు చేశావు."

"రెండుసార్లు. సబ్బూ, ఇంకా..."

"ఉట్టి ముడి."

ఋతుజ తలూపింది. వరండాలో యశ్వంతరావు తన బొటనవేలి వంక చూసుకుని, మళ్లీ వీధి వైపు చూడసాగాడు.

కుముదిని బల్ల మీది సబ్బులు ఒక పక్కకి జరిపి అంది. "నాకు ఒంటరిగా ఉందని నాకు ఊలు తెచ్చిచ్చావు. నీకు ఒంటరిగా ఉందని నాతో ఒక్క మాట అనలేదేం? మిరజ్ ఎంత దూరం? వచ్చి పగలంతా ఇక్కడే కూర్చుని బొమ్మలు గీసుకుంటే వద్దంటానా? నీ మొహం చూస్తూ కూడా కనిపెట్టలేకపోయాను. అలాగని నీ తప్పు చిన్నదైపోదు."

"తెలుసమ్మా."

"నా మొహం ఉన్నవన్నీ తీసెయ్యి. ఏ మాటా రాయకు, ఏ వీడియో పెట్టకు. ఇక వెళ్లు. నాకు ఇవాళ నీతో అన్నం తినాలని లేదు."

ఋతుజ ఆ రాత్రే అన్నీ తీసేసింది.

ఆ పై ఆదివారం వచ్చి వరండాలో తండ్రి దగ్గరే కూర్చుంది. వంటింటి తలుపు మూసే ఉంది. లోపల అమ్మ ఏదో చేసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. టీ మాత్రం కిటికీలోంచి బయటికి వచ్చింది. ఆ మరుసటి వారం కూడా అంతే. మూడోసారి బుధవారమే వచ్చింది. బొమ్మల పుస్తకం, పెన్సిళ్లు తెచ్చుకుని వరండాలో ఒక మూల పగలంతా గీసుకుంది. మధ్యాహ్నం జొన్న భాకరీ రొట్టె, వంకాయ కూర ఆమె పక్కన పెట్టి వెళ్లాడు యశ్వంతరావు. "మీ అమ్మే పెట్టమంది" అని మాత్రం గొణిగాడు.

అలా ఎన్నో బుధవారాలు గడిచాయి. వానలు వచ్చాయి. కృష్ణ పొంగి రేవు మెట్లు ముంచేసిందని ఊరంతా చెప్పుకుంటున్న రోజున, ఋతుజ తడిసి ముద్దయి వచ్చింది. వంటింటి తలుపు తెరిచి ఉంది. కుముదిని కొత్తగా పట్టుదారంతో నవారులాంటి పట్టీ ఏదో పేనుతోంది. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస పళ్ల మధ్య బిగించి, చేతులు చాలక సతమతమవుతోంది. అప్పటికే మూడుసార్లు ఊచ దగ్గర ముడి జారిపోయింది.

ఋతుజ గుమ్మం దాటకుండా నిలబడింది. చీర కొంగుతో తల తుడుచుకొమ్మని గాని, లోపలికి రమ్మని గాని తల్లి అనలేదు. నాలుగోసారి ముడి జారింది. పళ్ల మధ్య నుంచి దారం తీసి కుముదిని కూతురి రెండు చేతుల వంకా చూసింది. ఆ చూపు ముందు ఋతుజకి చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"తుడుచుకుని రా," అంది కుముదిని చివరికి. "ఈ కొస పట్టుకో."

ఋతుజ వచ్చి పట్టుకుంది.

"గట్టిగా. నేను చెప్పేదాకా వదలకు."

"వదలనమ్మా," అంది ఋతుజ. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నా, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.