జాబితాలో లేని దోషం

వకుళ పోషకద్రవం మార్చి, గాజుపళ్లెంలోని గుండెతునక కొట్టుకోవడం లెక్కపెట్టింది. నిమిషానికి డెబ్బై ఎనిమిది. గోడమీద నిర్ణేత, తునకల మంచిచెడ్డలు తేల్చే యంత్రం, ఆ అంకెను ముందే చూపిస్తోంది, పక్కన షాహీన్ పేరుతో సహా.

తొమ్మిదేళ్లుగా ఈ కణాలను కంటికి రెప్పలా సాకింది జీవశాస్త్ర విభాగపు వకుళ. ఇంజనీరింగ్ నుంచి షాహీన్ వచ్చి ఆరు నెలలైనా కాలేదు. ఆమె అల్లిన చట్రం మీద కణాలు మొదటిసారి ఒకే లయలో కొట్టుకున్నాయి. అంతే, విశ్వవిద్యాలయమంతా షాహీన్ జపమే. వకుళకు ఒళ్లు మండిపోయింది. కణాలు తనవి, పేరు ఆ పిల్లదా?

అందుకే నిన్న ఈ పళ్లెంలో గుట్టుగా రెండు చుక్కల ఉత్తేజకం వేసింది. నమోదు చేయలేదు. వేగం పెరిగింది. వారాంతపు సమావేశంలో, ఘనత చట్రానిది కాదు, ద్రవానిదని షాహీన్ నోరు మూయించాలని ఆమె ఎత్తు. ఉత్తేజకం పనిచేసేది మూడు రోజులే. తర్వాత తునక చచ్చుబడుతుంది. పళ్లెంలో ఉన్నంతవరకూ ఫరవాలేదు.

తెరమీద వైద్యవిభాగపు భూషణం కనిపించాడు. "వకుళగారూ, మన బస్ కండక్టర్ సమ్మక్కకి ఊపిరి అందట్లేదండీ. వచ్చే నెలదాకా ఆగలేం, ఆ తునకని ఇప్పుడే ఆమె గుండెకి కుట్టేస్తాను. మీ ఇద్దరూ ఆమోదముద్రలు వేసెయ్యండి."

"నేను వేసేశాను మేడమ్, మీదే తరువాయి," అంది పక్కబల్ల దగ్గర షాహీన్, సంబరంగా.

వకుళ నిరాకరణ నొక్కింది. నిర్ణేత కారణం అడిగింది: కణదోషమా, చట్రదోషమా? వేలు దానంతటదే రెండోదాని మీదికి పోయింది. ఒక్క నొక్కుతో షాహీన్ పేరు గోడమీంచి ఊడిపోతుంది. కానీ చట్రదోషమంటే నిర్ణేత ఆ చట్రాలన్నిటినీ బుగ్గి చేసేస్తుంది, ఉత్తేజకం తగలని రెండో తునకతో సహా. కణదోషమన్నా దానికి అదే గతి. సమ్మక్కకు ఇక మిగిలింది అదొక్కటే.

"భూషణంగారూ, ఇది కుట్టకండి. ఇందులో నేను మందు కలిపాను. రెండో అరలోది తీసుకోండి. మందు లేకుండానే నిలకడగా కొట్టుకుంటోంది. చట్రం మంచిదే."

షాహీన్ మొహం పాలిపోయింది. "ఎందుకు కలిపారు మేడమ్?"

"నీమీద కుళ్లుతో."

నిర్ణేత ఆ మాట విని దోషాల జాబితాలో వెతికింది. దొరకలేదు. మళ్లీ వెతికింది. ఆపైన అంకెలన్నీ ఆర్పేసి, అరలన్నిటికీ తాళాలు బిగించేసింది.

"ముద్రల్లేకపోయినా కుడతాను, ముందు తునక పంపండి!" అని కేక పెట్టాడు భూషణం.

షాహీన్ వకుళవైపు అసహ్యంగా చూసింది. పానా తీసుకుని రెండో అర తాళం విప్పసాగింది.

"అర కదలకుండా పట్టుకోండి మేడమ్, లోపల పళ్లెం ఉంది. ఒలకనివ్వకండి."

వకుళ రెండు చేతులా పట్టుకుంది. అంత సిగ్గులోనూ ఆమెకు కడుపుమంటగానే ఉంది, ఆ పిల్ల ఎంత చకచకా విప్పుతోందో చూసి.