సాసర్‌ల చాయ్

నాకు నిఖిలేష్ అంటే కుళ్లు. దాచుడెందుకు, ముందుగాలనే చెప్తున్న.

ఛత్రినాకల పెండ్లి వీడియోలు తీసుడు నా పని. దోస్తు శ్రీహిత సస్పెన్స్ సినిమా తీస్తానంటే కెమెరా పట్టుకొని పోయిన. పైసలు లేని సినిమా. ఉప్పుగూడల వాళ్ల బాపు పప్పుల గోదామే సెట్టు, నా అంగీయే హీరో డ్రెస్సు, ఆమెనే హీరోయిన్. హీరో మాత్రం వరంగల్ నుంచి వచ్చిన నిఖిలేష్.

కథల పిల్ల తన పేరు సుతం మర్చిపోతది. ఒక్కటే యాదికుంటది. ఎవడో చాయ్ సాసర్‌ల పోసి, ఊది, ఆ సాసర్ ఆమెకిచ్చి, మండే కప్పు తను తాగుతడు. వాడెవడో పట్టుకునుడే సినిమా.

"గిది నీకెట్ల తట్టింది?" అని అడిగిన.

"నిజంగనే ఒకడున్నడు," అని స్క్రిప్టు చూసుకుంట నవ్వింది.

ఆ నవ్వు నన్ను రెండు దినాలు బువ్వ తిననియ్యలే. వాడు నిఖిలేషేనా? షూటింగ్‌ల ఊదినప్పుడల్లా వాడు చాయ్ ఒలకపోస్తడు, ఈమె వాని చెయ్యి పట్టుకొని నేర్పిస్తది. గదంత నేను క్లోజప్‌ల చూడాలె.

పదమూడో టేకు ఓకే అన్నది శ్రీహిత. ఆమె అటు తిరగంగనే డిలీట్ కొట్టిన. మెమరీ కార్డు ఖరాబైందని అబద్ధం సుతం చెప్పిన. అప్పటికే నిఖిలేష్ వరంగల్ రైలెక్కిండు.

తెల్లారి శ్రీహిత లొల్లి చెయ్యలే. చేతులే కదా కనవడేది, నువ్వే కూసో అన్నది. కెమెరా స్టాండు మీద పెట్టి ఎదురుంగ కూసున్నది.

"వాని లెక్క చెయ్యాల్నా?" అన్న మూతి ముడుచుకొని.

"రోజు నువ్వెట్ల తాగుతవో గట్లనే తాగు."

సాసర్‌ల పోసిన, ఊదిన, ఆమె దిక్కు జరిపిన. వేడి తాగితే ఆమెకు నాలుక కాలుతది, గందుకే. కప్పు నోటికాడ పెట్టుకున్నంక తెలిసింది నేనేం చేసిననో. మూడేండ్ల సంది గిదే చేస్తున్న, నాకే ఎరుక లేదు.

"ఒక్క టేకులనే ఓకే," అన్నది శ్రీహిత. "కార్డు ఖరాబు కాలేదని నాకెరుకే."

"మరి తిట్టలేదేంది?"

"నీకు సుతం నేనంటే ఇష్టమని ఇంకెట్ల తెలుస్తది?"

నిఖిలేష్‌కు మాఫీ చెప్తానన్న. అది తర్వాత, ముందు మా బాపుతోని మాట్లాడు అన్నది.

ఇంకో చాయ్ తెప్పించింది. ఈసారి తనే సాసర్‌ల పోసి, ఊది, నాకిచ్చింది. మండే కప్పు తను తాగింది. నాలుక కాలింది, అయినా కిందపెట్టలే.