ఆపరేషన్ ఆదివారం

చరిత నానబెట్టిన మినప్పప్పు పొట్టు కడుగుతోంది. సింకు నిండా నల్లటి పొట్టు తేలుతోంది. చన్నీళ్లకి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రుబ్బాక పిండిని మేడమీద హాట్ ప్రెస్‌లో పెట్టాలి. వేడినీళ్ల ట్యాంకు ఉండే ఆ బీరువాలో తప్ప ఐర్లండ్‌లోని ఈ డ్రోహెడా చలిలో ఇంకెక్కడ పెట్టినా పిండి పులవదు. ట్యాంకు వెనక, తువ్వాళ్ల మడతల కింద ఒక ట్రాన్స్‌మిటర్ కూడా వెచ్చగా పడుకుని ఉంది.

ఫోన్ మోగింది. తడిచేతులు స్వెటర్‌కి తుడుచుకుని అందుకుంది.

"సోనా మసూరి వచ్చిందమ్మా."

"పాతదా, కొత్తదా?"

"కొత్తది. వచ్చి చూసుకోండి."

కొత్తదంటే కొత్త అసైన్‌మెంట్. ఆమె పప్పు మీద మూత పెట్టి డబ్లిన్ రైలెక్కింది.

అది 2005. ఆ ఏడు డబ్లిన్ ఆకాశంలో మబ్బులకంటే క్రేన్లే ఎక్కువ. ఉద్యోగాలు రమ్మని పిలుస్తుంటే హైదరాబాద్ నుంచి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు విమానాల్లో దిగుతున్నారు. వాళ్లందరికీ బియ్యం, చింతపండు అమ్మే జనార్దనరావు కొట్టు ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన మన గూఢచారి సంస్థ బ్యూరోకి ఐర్లండ్ స్టేషన్ చీఫ్ అన్న సంగతి మాత్రం ఢిల్లీలో కొద్దిమందికే తెలుసు.

బియ్యం బస్తాల మధ్య స్టూలు మీద కూచుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"మన దక్షిణాది పవర్ గ్రిడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఇక్కడ డబ్లిన్‌లో ఒక కంపెనీ రాస్తోంది. దాని మాస్టర్ కీ ఎవరి చేతికి చిక్కితే వాళ్లు ఒక్క బటన్‌తో నాలుగు రాష్ట్రాల్ని చీకటి చెయ్యగలరు. హాస్పిటళ్లు, రైళ్లు, అన్నీ. హెరాన్ అనే విదేశీ ముఠా దాని వెంట పడింది. టీమ్‌లో ఒక తెలుగు ఇంజనీర్‌ని మెత్తబరుస్తోంది. ఎవరో తెలీదు."

"నా పని?"

"ఆఫీసులో కెమెరాలున్నాయి. సరుకు చేతులు మారాలంటే మనవాళ్ల గుంపే వాళ్లకి సేఫ్. మనవాళ్లు ఎక్కడ కలుస్తారో కనుక్కో."

"ఎక్కడా కలవరు సార్. చోటు లేదు."

"అయితే నువ్వే పెట్టు."

చరిత కాసేపు బస్తా మీది కుట్టు వంక చూసింది. "చోటు లేకపోతే వాళ్లూ కలవలేరు కదా సార్? సరుకు చేతులే మారదు."

"కలవకపోతే మనం పట్టుకోలేం," అన్నాడు జనార్దనరావు, ఆమె చేతిలో ఒక కాఫీ ఫ్లాస్కు పెడుతూ. "మూతలో మైక్ ఉంది. కాఫీ దగ్గర చేరితే మనవాళ్లు ఏదీ దాచుకోరు."

* * *

భానుమతి ఆమెకి కూరగాయల దుకాణంలో దొరికింది. నలభై అయిదేళ్ల మనిషి. భర్త కృష్ణమూర్తి ఆసుపత్రిలో డాక్టరు. ఒక కాంట్రాక్టు స్లైగో ఊళ్లో, ఇంకోటి కార్లో ఊళ్లో, ఇప్పుడు డ్రోహెడాలో. "పక్కింటావిడ పేరు నోరు తిరిగేసరికి లీజు అయిపోతుందమ్మా," అంది, బెండకాయ కొస విరిచి చూస్తూ. "మీ ఆయనేం చేస్తాడు?"

"సాఫ్ట్‌వేర్ ఆంటీ. కార్లోలో ప్రాజెక్టు. ఎప్పుడో గానీ రారు."

ఆ మొగుడు బ్యూరో ఫైల్లో తప్ప ఎక్కడా లేడు. ఉన్నాడన్న మాట భానుమతి నమ్మింది. అప్పటినుంచి వారంవారం అతని కోసం ఒక స్టీలు డబ్బాలో పప్పుచారో, గుత్తివంకాయో కట్టి ఇచ్చేది. లేని మొగుడి వాటా చరిత ఒక్కతే తినేది.

కలుసుకునే చోటు కోసం ఇద్దరూ ఊరంతా తిరిగారు. పబ్‌కి వెళ్తే ఫుట్‌బాల్ హోరులో భానుమతి ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. బోయిన్ ఏటి ఒడ్డున పార్కులో చాప పరవగానే వాన వచ్చింది. భానుమతి ఇంట్లో కలిస్తే తాలింపుకి స్మోక్ అలారం మోగి, పక్కింటాయన పైజామాతో పరిగెత్తుకొచ్చాడు. చివరికి చర్చి వెనకాల పారిష్ హాలు దొరికింది. తాళాలిచ్చిన ఫాదర్ "గ్రాండ్, గ్రాండ్!" అంటూ పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మొదటి ఆదివారం రెండు మూడు కుటుంబాలు. క్రిస్మస్ దాటేసరికి హాలు పట్టనంత మంది. పిల్లలు ఐరిష్ యాసలో అరుస్తూ పరుగులు. మగవాళ్లు ఇళ్ల ధరల గురించి వాదనలు. తలుపు దగ్గర కొండలా చెప్పులు, బూట్లు. టేబుల్ నిండా స్టీలు డబ్బాలు, అడుగున ఎవరి పేరు వాళ్లు చెక్కించుకున్నవి.

"నువ్వొచ్చాకే మనుషులొచ్చారమ్మా," అంది ఒకరోజు భానుమతి. అందరూ వెళ్లాక ఇద్దరూ గిన్నెలు తోముతున్నారు. "స్లైగోలో ఏడో నెలలో బిడ్డ పోయింది. ఈయన డ్యూటీకి వెళ్లక తప్పలేదు. కిటికీ దగ్గర కూచుని, ఎవరైనా తలుపు కొడితే చాలు, అడ్రసు తప్పి వచ్చినా చాలు అనుకున్నాను. ఈ మాట ఆయనకి కూడా చెప్పలేదు."

చరిత సబ్బు చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. పక్కన గట్టు మీద ఫ్లాస్కు ఉంది. మూత తీసి అవతల పెట్టాలనిపించింది. పెట్టలేదు. మర్నాడు రిపోర్టులో ఆ మాటలూ వెళ్లాయి. రికార్డయినదంతా పంపాలన్నది రూలు.

* * *

త్రినాథ్‌ని చరితే పిలిచింది. డబ్లిన్ బస్టాపులో, చేతిలో ఇన్‌స్టంట్ నూడుల్స్ సంచీతో నిలబడ్డ కుర్రాడు. "ఆదివారం రా తమ్ముడూ, అన్నం తినొచ్చు," అంది. వచ్చాడు. మొదటి ముద్దకే కళ్లు తుడుచుకున్నాడు.

"కారమైందా నాయనా?" అంది భానుమతి.

"లేదాంటీ. కరెక్టుగా ఉంది."

ఆమె అతనికో డబ్బా నిండా కూర కట్టిచ్చింది.

రెండు వారాల తర్వాత ఆశ్రిత వచ్చింది. ఎర్ర కోటు, మోకాళ్ల దాకా బూట్లు, హాలంతా తిరిగి చూసే నవ్వు. అపార్ట్‌మెంట్లు అమ్ముతానని చెప్పింది. మగవాళ్లు ఇళ్ల ధరలు మర్చిపోయారు. ఆమె మాత్రం తిన్నగా వెళ్లి త్రినాథ్ పక్కన కూచుంది. మూడో ఆదివారానికి ఆ కుర్రాడు కొత్త చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. అతను పనిచేసేది గ్రిడ్ టీమ్‌లోనే.

చరిత రిపోర్టు చేసింది. జనార్దనరావు నవ్వాడు.

"ఆశ్రిత మన మనిషే. ముఠాలో ఉంటూనే మనవైపు తిరిగిన డబుల్ ఏజెంట్. వచ్చే ఆదివారం అతను పెన్ డ్రైవ్ తెస్తాడు. ఆమె దాన్ని బయట వెండిరంగు కార్లో వాళ్ల మనిషికి ఇస్తుంది. గార్డ్స్, అదే ఇక్కడి పోలీసులు, యూనిఫాం లేకుండా గేటు దగ్గర ఉంటారు. అందరూ ఒకేసారి దొరుకుతారు."

"త్రినాథ్‌కి ముందే చెప్పి ఆపొచ్చు కదా సార్?"

"నేరం జరగకుండా ఆపితే అరెస్టు ఎవర్ని చెయ్యమంటావ్?"

"ఆశ్రిత మనల్నే మోసం చేస్తే?"

"ఒకసారి తిరిగిన మనిషి మళ్లీ తిరగదు," అన్నాడు ఆయన.

* * *

ఆదివారం. వాన. త్రినాథ్ స్టీలు డబ్బా తెచ్చి టేబుల్ చివర పెట్టాడు. చరిత జుట్టు కింద, చెవిలో, ఫ్లాస్కు మైక్ కలిపిన ఇయర్‌పీస్ ఉంది.

"మైసూర్‌పాక్ మెత్తగా వచ్చిందా?" అంది ఆశ్రిత.

"గట్టిగానే వచ్చింది," అన్నాడు త్రినాథ్, అప్పజెప్పినట్టు. కోడ్ కుదిరింది.

చరిత అతని దగ్గరికి నడిచింది. ఒక్క మాట చెబితే చాలు. "తమ్ముడూ..." అంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. అన్నం తిన్నావా?"

అతను తలూపాడు. ఆమె వెనక్కి తిరిగింది.

కాసేపటికి ఇయర్‌పీస్‌లో గుసగుస వినిపించింది. ఫ్లాస్కు దగ్గర నిలబడి ఆశ్రిత మొబైల్‌లో ఇంగ్లీషులో చెబుతోంది. "గేటు దగ్గర గార్డ్స్ ఉన్నారు. ఏటి వైపు సందులోకి రా. నేను వెనక తలుపులోంచి వస్తున్నాను. బ్యూరోవాళ్లు వానలో తడవనీ."

మళ్లీ తిరిగింది!

చరిత జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి వెనక తలుపు ఊగుతోంది. సందు చివర ఎర్ర కోటు మలుపు తిరిగింది. ఆ చేతిలో డబ్బా. చరిత కాలర్ మైక్‌లో "ఏటి వైపు! ఏటి వైపు!" అని అరిచింది. గార్డ్స్ అటు చుట్టి రావాలంటే ఊరి వంతెన దాటాలి. ఈలోగా డ్రైవ్ విమానం ఎక్కేస్తుంది. తడిసి ముద్దై ఆమె హాల్లోకి పరిగెత్తింది.

"వానలో ఏంటమ్మా ఆ పరుగు?" అంది భానుమతి, ఐస్‌క్రీమ్ డబ్బాలోంచి పిల్లలకి మైసూర్‌పాక్ ముక్కలు పంచుతూ.

చరిత ఆ ముక్కల వంక చూసింది. "ఇవెక్కడివి ఆంటీ?"

"త్రినాథ్ తెచ్చాడు. డబ్బా నాదేగా, అడుగున నా పేరుంది. స్వీటు ఇందులోకి తీసేసి, కాస్త పులిహోర పెట్టా ఆ ఎర్ర కోటు పిల్ల కోసం. ముఖం పీక్కుపోయింది, ఇంట్లో వండుకోదు కాబోలు. ఇద్దామని చూసేలోపు తనే చెప్పకుండా పట్టుకుపోయింది. ఆకలి మరి!"

"స్వీటు అడుగున ఇంకేమన్నా ఉందా?"

"ఏదో తాళంచెవిలాంటి ముక్క. ఆఫీసుదేమో, పోగొట్టుకుంటాడని కొంగున కట్టా."

నాలుగు రాష్ట్రాల వెలుతురు భానుమతి చీర చెంగులో ముడివడి ఉంది.

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. ఆశ్రిత. ఎర్ర కోటు మీద పులిహోర మెతుకులు. పెదాల మీద అదే నవ్వు. కుడిచెయ్యి మాత్రం కోటు జేబులో ఉంది.

"ఆంటీ, త్రినాథ్ నాకోసం ఒకటి తెచ్చాడు. మీ దగ్గరుందా?"

"ఉందమ్మా, ఉంది. నీదని నాకేం తెలుసు!" భానుమతి ముడి విప్పసాగింది. బిగుసుకుపోయింది. పంటితో లాగింది.

కవర్, అంటే వేసుకున్న వేషం, పోగొట్టుకోవద్దన్నది ట్రైనింగ్‌లో మొదటి పాఠం. చరిత ఆ కొంగుని పిడికిట్లో పట్టుకుంది.

"ఇవ్వకండి ఆంటీ."

ఆ గొంతు భానుమతి ఎప్పుడూ వినలేదు.

"నువ్వెవరే మధ్యలో?" అంది ఆశ్రిత.

"దీనికోసం నన్ను పంపారు. ఈ హాలు పెట్టించింది కూడా దీనికోసమే."

పిస్తోలు బయటికొచ్చింది. చరిత ఫ్లాస్కు ఎత్తి, పొగలు కక్కే కాఫీని ఆ చేతి మీద కుమ్మరించింది. పిస్తోలు ఎగిరి సాంబారు గిన్నెలో పడింది. ముందు తలుపు తోసుకుని గార్డ్స్ వచ్చారు. అదే నిమిషంలో ఏటి పక్క సందులో, ఇంజిన్ ఆపకుండా ఎదురుచూస్తున్న వెండిరంగు కారుకి అడ్డంగా గార్డ్స్ జీపు నిలిచింది.

జనార్దనరావు లోపలికొచ్చాడు. కొట్టు మనిషిగా అందరికీ తెలిసిన ముఖమే. "గుడ్ వర్క్," అంటూ ఫ్లాస్కు అందుకున్నాడు. ఎవిడెన్స్ కదా, అందరి ఎదుటే మూత విప్పి మైక్ బయటికి లాగాడు. ఒక్కొక్కరే తాము ఆ ఫ్లాస్కు దగ్గర ఏమేం మాట్లాడామో గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడిపోయారు.

గార్డ్స్ తీసుకుపోతుంటే త్రినాథ్ ఆమె ముందు ఆగాడు. "టెస్ట్ కాపీ అని చెప్పిందక్కా, దాంతో ఇంకా పెద్ద ఉద్యోగం ఇప్పిస్తానంది. నేనసలు ఇక్కడికి రాకపోదును. మీరు పిలిస్తేనే కదా వచ్చాను."

* * *

తర్వాతి ఆదివారం హాలు తెరవలేదు. ఆ తర్వాత కూడా. అతనికి పూర్తిగా తెలియదని చరిత రాసిన స్టేట్‌మెంట్ వల్ల త్రినాథ్ జైలు తప్పించుకున్నాడు. ఉద్యోగం, వీసా మాత్రం పోయాయి.

ఆమె పెట్టె సర్దుకుంటున్న రోజు భానుమతి వచ్చింది. బూట్లు విప్పి లోపలికొచ్చింది గానీ కోటు విప్పలేదు. సోఫా అంచున కూచుంది.

"మీ ఆయన..."

"లేడు ఆంటీ."

"అనుకున్నా." కాసేపు తన చేతులు చూసుకుంది. "దేశానికి మంచే జరిగిందంట. ఈయన చెప్పారు. నువ్వు చేసింది తప్పని అనడానికి రాలేదు. ఒక్కటి అడుగుదామని. ఆ రోజు నేను స్లైగో సంగతి చెప్పినప్పుడు... ఆ ఫ్లాస్కు పక్కనే ఉందా?"

ఉంది కానీ ఆపేశానని చెప్పొచ్చు. ఏడాది పొడుగునా ఇంతకంటే పెద్ద అబద్ధాలు ఈవిడకే చెప్పింది.

"ఉంది. రిపోర్టులో కూడా ఉంది," అంది చరిత.

భానుమతి నోరు తెరిచేలోపు టేబుల్ మీది ఫోన్ మోగింది. స్పీకర్ బటన్ మీద చరిత వేలు పడింది.

"కంగ్రాచులేషన్స్!" జనార్దనరావు గొంతు గదంతా నిండింది. "కొత్త పోస్టింగ్. ఇదీ దీవే, కానీ ఉష్ణదేశం. కొబ్బరిచెట్లు, ఎండ. మనవాళ్లు బోలెడంత మంది ఉన్నారట. పాపం, కలుసుకోడానికే చోటు లేదట. మనుషుల్ని చేరదియ్యడంలో నీ తర్వాతే ఎవరైనా!"

చరిత ఫోన్ ఆపబోయి, ఆపలేక చూస్తూ నిలబడింది. భానుమతి లేచింది. గుమ్మం దగ్గర వంగి ఒక బూటు తొడుక్కుంది. లేసు కట్టుకుంది. రెండోది తొడుక్కుంది. కోటు హుడ్ తల మీదికి లాక్కుంది. తలుపు తీసుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వానలోకి వెళ్లిపోయింది.

"అక్కడ పెద్దగా వానలుండవు," అంటున్నాడు జనార్దనరావు, ఉత్సాహంగా. "ఈసారి హాలు అద్దె కూడా మిగులుతుంది."