నాన్చుడుగాడి సంతకం

"ఈ అద్దం బాగుందా, ఇదిగో ఈ రెండోది బాగుందా?"

"మొదటిది ఇంకోసారి చూపిస్తారా?"

"ఇప్పటికి ఏడుసార్లు చూపించాను. అద్దాలు అరిగిపోతాయండీ!"

కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఆమె. ఫ్రేము ఎంచుకునే నెపంతో నెల రోజులుగా రోజు విడిచి రోజు అక్కడికి వెళ్తున్నాను. ఫ్రేము కోసం కాదని ఆమెకీ తెలుసు. మనసులో మాట చెప్పేస్తే ఓ పని అయిపోయేది. చెబితే కాదంటుందేమో, చెప్పకపోతే చేజారిపోతుందేమో! నేను పనిచేసే బైండింగ్ షాపులో ఒక పుస్తకానికి అట్ట రంగు తేల్చడానికే నాకు ఓ పూట పడుతుంది. మా నాన్న నన్ను పిలిచేదే నాన్చుడుగాడని.

ఆ రోజు మాత్రం ఆమె కోసం వెళ్ళలేదు. ఆస్పత్రి నుంచి పారిపోయి వెళ్ళాను.

జేబులో ఫోను మోగింది. అక్క. కట్ చేశాను. మళ్ళీ మోగింది.

"ముందు ఎత్తండి," అందామె.

గది చిన్నది. అక్క గొంతు ఆమెకీ వినబడింది.

"ఎక్కడ చచ్చావురా? కాగితం చదివొస్తానని వెళ్ళి రెండు గంటలైంది. సాయంత్రం దాటితే ఆపరేషన్ చేసినా లాభం లేదంటున్నారు. స్పృహ తప్పేముందు సంతకానికి నాన్న నీ పేరే చెప్పాడు. నేను సంతకం పెట్టను!"

ఆమె లైటు వేసింది. "అసలు సంగతేంటి?"

చెప్పాను. నాన్నకి తలలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బల్ల మీదే పోనూ వచ్చు. చెయ్యకపోతే నాలుగైదు రోజులుంటాడు, కళ్ళు మాత్రం తెరవడు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిన ఆ కాగితంలో అక్షరాలు అలుక్కుపోతుంటే పవర్ మారిందేమోనని వచ్చాను.

"మీ కళ్ళకేం కాలేదు. మీకున్నది భయం," అంది కోపంగా. ఆ తర్వాత కాస్త మెత్తబడింది. "నిజం చెప్పండి. ఈ రెండింట్లో ఏ అద్దం బాగుంది?"

"రెండూ ఒకేలా ఉన్నాయి. అందుకే తేల్చుకోలేకపోతున్నా."

"అదేనండీ జవాబు! రెండూ ఒకేలా కనిపించేదాకానే మేం అడుగుతాం. అక్కడిదాకా వచ్చాక ఏది రాసినా తప్పు కాదు. రాయకుండా కూర్చుంటేనే తప్పు."

పెన్ను నా చేతిలో పెట్టింది. ఆమె బల్ల మీదే సంతకం చేశాను. పేరు గీత దాటింది. కాగితం పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

మర్నాడు మధ్యాహ్నం నాన్న కళ్ళు తెరిచాడు.

"సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే నాన్నా."

"నువ్వా!" నవ్వబోయాడు, సగమే వచ్చింది. "ఎంతసేపు నాన్చావురా?"

"రెండు గంటలు."

"పర్లేదు," అన్నాడు.

నాతో ఆయన అన్న చివరి మాట అదే. సాయంత్రానికి జ్వరం ముదిరింది. మూడో రోజు తెల్లారేసరికి నాన్న లేడు. సంతకం పెట్టకపోతే ఇంకో రెండు రోజులు ఉండేవాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా ఏడుపొస్తుంది. కానీ పెట్టకపోతే ఆ 'పర్లేదు' మాత్రం నాకు దక్కేది కాదు.

ఆస్పత్రి వరండాలో నేనూ అక్కా బెంచీ మీద కూర్చున్నాం, నాన్నని ఎప్పుడు అప్పగిస్తారా అని. ఎవరు చెప్పారో ఏమో, షాపులో వేసుకునే తెల్లకోటుతోనే ఆమె వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"ఎవర్రా ఈ అమ్మాయి?" వాచిన కళ్ళతో అడిగింది అక్క.

"నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అమ్మాయక్కా. తనకింకా చెప్పలేదు."

అనేశాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అదేం చోటు, అదేం సమయం! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె వచ్చి అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడనైనా చూడలేదు.

"చెప్పారుగా, సరే," అంది. "అలా నిలబడిపోతారేం? వెళ్ళి వదినకి మంచినీళ్ళు పట్టుకురండి."